మౌస్ తెప్పించుకున్నందుకు దొంగలెక్క అనిపించుకున్నాం

కంప్యూటర్ గేముల కోసం బయటి దేశం నుంచి తెప్పించుకున్న మౌస్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. ఆర్డర్ పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే ముప్పై ఎనిమిది రోజులు. మౌస్ చాలా బాగుంది, దానికి వంక పెట్టడానికేం లేదు. కానీ అది ఇంటికి రావడానికి మా నాయిన కొరియర్ ఆఫీసు కౌంటర్ ముందు పదిమందిలో మాట పడాల్సి వచ్చింది. ఆ మంట చల్లారకముందే రాస్తున్నా. బయటి దేశం నుంచి తక్కువ ధరలో గేమింగ్ సామాను తెప్పించుకుందామనుకునే వాళ్లకు పనికొస్తుంది.

ఇక్కడ దొరకవా, అక్కడి నుంచి ఎందుకు అని అందరూ అడిగారు. నా చెయ్యి చిన్నది. మణికట్టు గీత నుంచి నడిమి వేలి కొస దాకా స్కేలు పెట్టి కొలిస్తే పదహారున్నర సెంటీమీటర్లు. నాలుగేళ్ల నుంచి వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడుతున్నా, ర్యాంకు కోసమే ఆడతా. పెద్ద మౌస్ పట్టుకుంటే రెండు మ్యాచ్‌లకే చిటికెన వేలు కిందికి జారి మణికట్టు గుంజుతుంది. దానికి తోడు పాత మౌస్‌కి ఒకసారి నొక్కితే రెండు క్లిక్కులు పడే జబ్బు మొదలైంది. లోపలి స్విచ్‌లో సన్నటి లోహపు రేకు ఉంటుంది, అది బిగువు తప్పితే అంతే. స్ప్రేలు కొట్టినా నాలుగు రోజులే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ మొత్తం తిరిగాను. ఒక్కో షాపులో "మేడమ్, లేడీస్‌కి పింక్ కలర్ వచ్చింది చూడండి" అనేవాళ్లే. బరువెంత అని అడిగితే డబ్బా తిప్పి ధర చెప్తారు. మౌస్ కదలికను పసిగట్టే సెన్సర్ ఏది అంటే "లైట్లు వస్తాయి మేడమ్, ఏడు రంగులు" అంటారు. నాకు లైట్లు వద్దు. అరవై గ్రాముల లోపు బరువు, పొట్టి వీపు, మంచి సెన్సర్ కావాలి. ఆ మూడూ ఉన్నవి ఇక్కడ నేను పెట్టగలిగే ధరలో కనపడలేదు.

డీపీఐ, అంటే సెన్సర్ ఎంత సన్నటి కదలికను పట్టగలదో చెప్పే అంకె, అది చూసి మాత్రం ఎవరూ కొనకండి. ఖరీదైన బ్రాండ్లలోనూ, చైనా చిన్న కంపెనీల మౌసుల్లోనూ ఎక్కువగా ఉండేది తైవాన్ కంపెనీ పిక్స్ఆర్ట్ సెన్సర్లే. 3395 అనే మోడల్ 26,000 డీపీఐ దాకా పోతుంది. నేను ఆడేది 800 మీద. నాతో ఆడేవాళ్లలో సగం మందీ అంతే. చూడాల్సింది సెన్సర్ మోడల్ నంబరు, పోలింగ్ రేటు 1000 హెర్ట్జ్ ఉందా లేదా, అంటే మిల్లీ సెకనుకోసారి కంప్యూటర్‌కి కబురు పోతుందా అని, ఆ తర్వాత పొడవు, వెడల్పు, బరువు. అట్టముక్క మీద మౌస్ కొలతలు గీసి, కత్తిరించి, దాని మీద చెయ్యి పెట్టి చూసుకుని ఆర్డర్ పెట్టాను. ఈ పద్ధతి నాకు నేనుగా కనిపెట్టుకున్నదే, అచ్చంగా సరిపోయింది.

వైర్‌లెస్ కావాలని ఉన్నా వైరు ఉన్నదే తీసుకున్నా. వైర్‌లెస్ అంటే రేడియో పరికరం. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ ఆమోదం ఏదని అడిగితే మన దగ్గర కాగితం ఉండదు. మా జట్టులో ఒకమ్మాయి పార్సెల్ ఇదే మాట మీద వెనక్కి పోయింది. డబ్బులు రావడానికి రెండు నెలలు పట్టింది.

2020 నవంబర్‌లో కేంద్రం 43 యాప్‌లు ఆపేసినప్పుడు చైనా సామాను అమ్మే అలీఎక్స్‌ప్రెస్ కూడా పోయింది కాబట్టి ఆ దారి లేదు. వేరే అంతర్జాతీయ సైట్‌లో హాంకాంగ్ అమ్మకందారు దొరికాడు. మౌస్, కొరియర్ ఖర్చు కలిపి 2,700 రూపాయలు. దాంతోపాటే ఒక హెడ్‌సెట్ కూడా తీసుకున్నా, ఇంకో అమ్మకందారు దగ్గర, మామూలు పోస్టులో. కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోవడం రెండు నిమిషాల పని. బ్యాంకు మారకం చార్జీ మూడున్నర శాతం, ఆ చార్జీ మీద జీఎస్టీ, కలిపి 112 రూపాయలు పడింది. పద్నాలుగు రోజుల్లో పార్సెల్ దేశంలోకి వచ్చింది. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

తర్వాత మెసేజ్ వచ్చింది, "మీ పార్సెల్ కేవైసీ పెండింగ్" అని, కింద ఒక లింకు. నేను నొక్కలేదు. పోస్టాఫీసు పేరుతో, కస్టమ్స్ పేరుతో పాతిక రూపాయలు కట్టమని లింకులు పంపి ఖాతా ఊడ్చేసే ముఠాలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. మా పక్కింటి ఆంటీ అట్లాగే పోగొట్టుకుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసింది. అందుకని రెండు రోజులు ఆగి, కొరియర్ కంపెనీ సైట్‌లోకి నేనే వెళ్లి, ట్రాకింగ్ నంబరు కొట్టి చూస్తే నిజంగానే ఆగి ఉంది. మీరూ అట్లాగే చెయ్యండి. రెండు రోజులు పోతే పోయాయి.

ఆధార్ పెట్టాను. "పేరు సరిపోలలేదు" అని తిరిగొచ్చింది. పాన్ పెట్టాను. మళ్లీ అదే. ఆర్డర్‌లో నేను రాసింది నా పేరు, పక్కన ఇంటిపేరు మొదటి అక్షరం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా. పాన్‌లో ఇంటిపేరు చివర, నా పేరు రెండు ముక్కలుగా. మనలో ఎంతమందికి టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉండవు? ఆ ఫారంలో మాత్రం మొదటి పేరు, చివరి పేరు అని రెండే గడులు. ఇంటిపేరు ముందొచ్చే మనుషులు కూడా ఈ దేశంలో కోట్లమంది ఉన్నారని ఆ ఫారం తయారుచేసిన వాళ్లకు తట్టలేదు. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి ఒకతను "శంషాబాద్‌లో మా ఆఫీసుకు ఒరిజినల్స్ పట్టుకుని రండి" అన్నాడు.

నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి పొద్దున ఏడైంది. నిద్ర కళ్లతో ఒక్కదాన్నే అంత దూరం పోతానంటే నాయిన ఒప్పుకోలేదు. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్, అక్కడి నుంచి ఆరాంఘర్, మళ్లీ శంషాబాద్ బస్సు. నాకు మహాలక్ష్మి జీరో టికెట్. నాయిన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు, ఏ బస్సెక్కినా ముందు కండక్టర్ సంచి వైపే చూస్తాడు. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు.

కౌంటర్లో ముప్పై ఏళ్లతను. నేను కాగితాలు ముందుకు జరిపితే వాటి వంక చూడకుండా నాయినతో మాట్లాడాడు.

"ఏం తెప్పిచ్చింది సార్ మీ పాప?"

"మౌస్" అన్నాను నేను.

కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. పార్సెల్ మీద అమ్మకందారు రాసింది అప్పుడే మొదటిసారి చూశాను. గిఫ్ట్, ప్లాస్టిక్ బొమ్మ, విలువ 6 డాలర్లు. నాకు గొంతు తడారిపోయింది. నేను అట్లా రాయమని అడగలేదు. పన్ను తప్పిస్తే కొనేవాళ్లకు మేలు చేసినట్టని వాళ్లకు వాళ్లే రాసేస్తారట, ఇది ఆ తర్వాత తెలిసింది.

"బొమ్మ అని రాసిండ్రు, ఎక్స్‌రేల చూస్తే వైరు, సర్క్యూటు కనబడుతున్నయ్. చదువుకున్నోళ్లే గిట్ల దొంగలెక్కలు రాపిస్తరు సార్. గవర్నమెంటుకు పన్ను ఎగబెట్టుడు అంటే ఏందో తెలుసా? పాపకు చెప్పుకోవద్దా?"

గొంతు తగ్గించలేదు. వెనక లైన్లో ఉన్నవాళ్లందరూ విన్నారు. నాకు ఇరవై ఏడేళ్లు, సొంత జీతంతో కొనుక్కున్నాను, బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు నా చేతిలోనే ఉంది. అందులో అసలు ధర ఉంది. "ఇదిగోండి, నేను కట్టింది ఇంత, దీని మీదే పన్ను వెయ్యండి" అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నాయిన వైపే చూశాడు. పైగా "ఐఈసీ కోడ్ ఉందా, లేకపోతే ఏమీ కాదు" అన్నాడు. ఐఈసీ అంటే ఎగుమతి, దిగుమతి వ్యాపారం చేసేవాళ్లు తీసుకునే నంబరు. వ్యాపారానికి కాకుండా సొంత వాడకానికి తెప్పించుకునేవాళ్లకు ఐఈసీ అక్కర్లేదు, అది విదేశీ వాణిజ్య నిబంధనల్లోనే ఉంది. ముందు రోజే చదువుకుని వెళ్లాను కాబట్టి గట్టిగా చెప్పాను. "నాకు రూల్స్ చెప్తున్నవా అమ్మా" అన్నాడు.

నాయిన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ చేతులు సన్నగా వణకడం నేను చూశాను. తర్వాత మెల్లగా, ఒక్కో మాట ఆపి ఆపి అన్నాడు:

"సార్, ముప్పై ఒక్క ఏండ్లు కండక్టర్‌గ చేసిన. చెకింగోళ్లు ఎన్నిసార్లు బస్సెక్కిండ్రో లెక్కలేదు. సంచిల రూపాయి తక్కువ రాలే, రూపాయి ఎక్కువ రాలే. నా బిడ్డను దొంగలెక్క అనకుండ్రి. ఎంత అయితదో చెప్పుండ్రి, కడ్తం."

అతను ఏమనేవాడో తెలీదు, లోపలి గదిలోంచి ఒక మేడమ్ వచ్చింది. సూపర్‌వైజర్ అనుకుంటా. ఏమైందని నన్నే అడిగింది, నా మొహం చూసి అడిగింది. స్టేట్‌మెంట్, ఆర్డర్ పేజీ ప్రింటు, రెండు ఐడీలు తీసుకుంది. "అసలు విలువ ఇది, సొంత వాడకానికి, ఈ రెండు ఐడీల్లో ఉన్నది నేనే అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టండి, కస్టమ్స్‌కి పంపిస్తాం" అంది. రాశాను. ఇరవై నిమిషాలు. అంతే పని! ఇదే మాట ఫోన్లో మొదటిసారే చెప్పి ఉంటే మెయిల్లో పంపించేదాన్ని, మా నాయిన అక్కడ నిలబడే పనే ఉండేది కాదు.

తిరిగొచ్చేటప్పుడు ఆరాంఘర్ దాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. చౌరస్తాలో చాయ్ తాగుతూ "నువ్వు తప్పు చెయ్యలేదు గద బిడ్డా" అన్నాడు. అడిగాడో, చెప్పాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అందుకే చెప్తున్నా, ఆర్డర్ పెట్టగానే అమ్మకందారుకి మెసేజ్ పెట్టండి. డబ్బా మీద వస్తువు అసలు పేరు, అసలు ధర రాయాలి, గిఫ్ట్ అని రాయొద్దు అని. గిఫ్ట్ అని వచ్చే పార్సెళ్లకు ఉండే ఆ పన్ను మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే ఎత్తేశారు, రాఖీలకూ, ప్రాణాలు నిలిపే మందులకూ తప్ప. ఇంకా బొమ్మ అని రాయించుకోమని సలహా ఇచ్చేవాళ్లు మీ స్నేహితుల్లో ఉంటారు, వాళ్ల మాట వినకండి. వాళ్ల నాయిన వచ్చి నిలబడడు అక్కడ. చిరునామాలో పేరు మాత్రం ఆధార్‌లో ఎట్లా ఉంటే అట్లాగే, అక్షరం పొల్లుపోకుండా.

పన్ను 1,140 రూపాయలు పడింది. వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, కొరియర్ ఖర్చు, ఇన్సూరెన్స్ కూడా కలిపి ఆ మొత్తం మీద కస్టమ్స్ సుంకం వేస్తారు, సుంకంలో పదో వంతు సంక్షేమ సర్‌చార్జి, అన్నీ కలిపిన దాని మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద వేసే జీఎస్టీ. ఈ శాతాలు బడ్జెట్‌లలో మారుతుంటాయి, కొనేముందు చూసుకోండి. అది కాక మన తరఫున పన్ను కట్టినందుకు కొరియర్ వాళ్ల చార్జీ 500, దాని మీద జీఎస్టీ 90. మొత్తం కలిపితే మౌస్ నాకు 4,542కి పడింది. నేను 2,700 అనుకుని మొదలుపెట్టాను. అయినా నా చేతికి కొలిచి చేసినట్టున్న మౌస్ ఇది, ఈ ధరకి నేను బాధపడట్లేదు.

హెడ్‌సెట్ మాత్రం ఇక్కడే కొనుక్కోండి. పోస్టులో వచ్చింది, పన్ను పోస్ట్‌మ్యాన్ అన్నే ఇంటి దగ్గర తీసుకుని రసీదిచ్చాడు, ఒక్క మాట అదనంగా అడగలేదు. కానీ వస్తువే అంతంతమాత్రం. 7.1 సరౌండ్ అని డబ్బా మీద పెద్దక్షరాలు, లోపల మామూలుగానే చెవికొక స్పీకరు. ఆ ఏడు దిక్కుల శబ్దం సాఫ్ట్‌వేర్ చేసే పనే. మైకు పలకకపోతే పాడైంది అనుకుని అమ్మకందారుతో వారం గొడవపడ్డాను. తీరా చూస్తే హెడ్‌సెట్ పిన్ను నాలుగు పట్టీలది, నా కంప్యూటర్‌కి మైకు సాకెట్ వేరు, శబ్దం సాకెట్ వేరు. కోఠీలో 120 రూపాయలకు రెండుగా చీల్చే వైరు కొంటే పలికింది. చెవి దిండ్లు మాత్రం రెండు గంటలకే చెమట పట్టేస్తాయి, మన ఎండలకు అవి పనికిరావు.

కౌంటర్ అతని మీద కొరియర్ కంపెనీకి ఫిర్యాదు రాశాను. తేదీ, సమయం, అతను నాయినతో అన్న మాటలు, ఒక్కటీ వదలకుండా పెట్టాను. నన్ను అన్నందుకు కాదు, ఆ పెద్దమనిషిని అన్నందుకు క్షమాపణ అడిగాను, అది కూడా ఆయన పేరు మీద, కాగితం మీద రావాలని. మెయిల్ పంపేముందు నాయినకు చదివి వినిపించాను. అంతా విని, ముప్పై కాదు, ముప్పై ఒక్క ఏండ్లు అని సరిగ్గా రాయమన్నాడు. దిద్ది పంపాను. ఇవాళ్టికి మూడో రోజు, జవాబు లేదు. సోమవారం మళ్లీ రాస్తాను.