తిరుపతి వీధుల్లో నవ్వుల సినిమా తీయాలంటే

పదో తరగతి తప్పిన కుర్రాడి కథలో నవ్వు డైలాగులో కన్నా షాటు నిడివిలో ఎక్కువ ఉంటుంది. టీకొట్టు సీనుకి 35 ఎంఎం లెన్సు, స్టాండు మీద కెమెరా, కదపకుండా 40 సెకన్లు. వాడు అప్పు అడుగుతాడు, కొట్టాయన వినపడనట్టు గ్లాసులు కడుగుతూనే ఉంటాడు. మధ్యలో క్లోజప్ వేశారా, నవ్వు చెడినట్టే.

"యాడికిరా పోతా ఉండావు?" అనే చిత్తూరు యాస డబ్బింగులో తేలిపోతుంది. అక్కడికక్కడే రికార్డు చేయండి. గాంధీ రోడ్డులోనైతే హారన్లు మొదలవకముందే, తెల్లారగానే. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం చుట్టుపక్కల శబ్దం కూడా పట్టుకోండి, లేదంటే ఎడిటింగులో అతుకులు వినిపిస్తాయి.

పాత ట్యూబులైటు కింద సెకనుకి 24 ఫ్రేములు తీసేటప్పుడు షట్టరు కోణం (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు ఎంతసేపు పడాలో తేల్చేది) 172.8 డిగ్రీలు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు దాని లయలోనే మిణుకుతుంది. 180 దగ్గర వదిలేస్తే వెలుగు అదురుతుంది.

మే నెలలో గంగమ్మ జాతర. మగవాళ్లు ఆడవేషం కడతారు, బూతులు తిట్టడమూ మొక్కే. కుర్రాడి బిడియం వదలడానికి ఇంతకన్నా మంచి చోటేది? అయితే భక్తుల్ని రీటేక్ అడగొద్దు, దూరం నుంచే తీసుకోవాలి. బైరాగి, బండ, తోటి... రోజుకో వేషం. ఇవాళ తప్పిన షాటు రేపటిదానితో కలవదు.