ఎస్3 బకెట్‌లో ఫైళ్ల జాబితా: మొదటి వెయ్యి తర్వాత

అమెజాన్ ఎస్3 అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే సేవ. అందులో ఫోల్డర్లు లేవు. కన్సోల్ (దాని వెబ్ పేజీ) తెరిస్తే ఫోల్డర్ బొమ్మ కనబడుతుంది, నొక్కితే లోపలికి కూడా వెళ్తుంది. అయినా లేవు. బకెట్ అంటే వరుసక్రమంలో బారులు తీరిన పేర్లు, అంతే. ‘బిల్లులు/2024/03/0117.పీడీఎఫ్’ అన్నదంతా కలిపి ఒకే పేరు, మధ్యలో ఉన్న స్లాష్‌లు కూడా అందులో అక్షరాలే. ఆ పేరునే కీ అంటారు. జాబితా తెచ్చే ఏపీఐతో (మన ప్రోగ్రామ్ ఎస్3ని అడిగే దారి) వచ్చే తిప్పలన్నీ దాదాపుగా ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్లే వస్తాయి.

వాడాల్సిన కాల్ (ఏపీఐకి పంపే అభ్యర్థన) పేరు లిస్ట్ ఆబ్జెక్ట్స్ వీ2. పాత లిస్ట్ ఆబ్జెక్ట్స్ ఇంకా పనిచేస్తుంది గానీ కొత్త కోడ్‌లో దాని జోలికి పోనక్కర్లేదు. అందులో తర్వాతి పేజీ ఎక్కణ్నుంచో చెప్పే నెక్స్ట్ మార్కర్ అనేది డీలిమిటర్ (పేర్లను విడగొట్టే గుర్తు) ఇచ్చినప్పుడే వస్తుంది. ఇవ్వకపోతే పేజీలోని చివరి కీని మనమే పట్టుకుని తర్వాతి కాల్‌కు అందించాలి. వీ2లో ఆ తిరకాసు లేదు.

బకెట్ పేరు ఒక్కటే ఇచ్చి పిలిస్తే, ఒక్కో ఆబ్జెక్టుకు (బకెట్‌లోని ఫైలుకు) కీ, బైట్లలో సైజు, చివరగా మారిన సమయం, ఈట్యాగ్, స్టోరేజ్ క్లాస్ వస్తాయి. కంటెంట్ టైప్, మనం పెట్టుకున్న మెటాడేటా (ఫైలు గురించిన అదనపు వివరాలు), ట్యాగులు రావు. అవి కావాలంటే ఫైలుకో కాల్ వేసుకోవాలి, డబ్బులు పోయేది అక్కడే. ఉత్తర వర్జీనియా రీజియన్‌లో (అమెజాన్ డేటా సెంటర్లున్న ప్రాంతం) వెయ్యి లిస్ట్ కాల్స్‌కు 0.005 డాలర్లు, ఒక్కో ఫైలు వివరాలడిగే వెయ్యి హెడ్ కాల్స్‌కు 0.0004 డాలర్లు. చూడ్డానికి హెడ్ చవక. కానీ ఒక లిస్ట్ కాల్ వెయ్యి ఆబ్జెక్టులను తెస్తుంది, హెడ్ ఒక్కదాన్నే. కోటి ఆబ్జెక్టుల జాబితాకు 10,000 లిస్ట్ కాల్స్, అంటే 5 సెంట్లు. అదే కోటికి విడివిడిగా హెడ్ వేస్తే 4 డాలర్లు, పైగా గంటల తరబడి ఎదురుచూపు. కాబట్టి తర్వాత వెతకడానికి పనికొచ్చే సమాచారమేదైనా ఉంటే దాన్ని మెటాడేటాలో దాచకుండా కీ పేరులోనే పెట్టడం మేలు.

ఇక పేజీల సంగతి. ఒక్క కాల్‌కు గరిష్ఠంగా 1000 ఎంట్రీలే వస్తాయి. మ్యాక్స్ కీస్ విలువను 5000 అని ఇచ్చినా వెయ్యే. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. టెస్ట్ బకెట్‌లో ఓ 40 ఫైళ్లు పెట్టుకుని రాసిన కోడ్ నెలలపాటు చక్కగా నడిచి, 1001వ ఫైలు పడిన రోజు నుంచి నోరెత్తకుండా తప్పు లెక్క చెబుతుంది. జవాబులో ‘ఈజ్ ట్రంకేటెడ్’ నిజమైతే ఇంకా ఉన్నాయన్న మాట. అప్పుడు ‘నెక్స్ట్ కంటిన్యుయేషన్ టోకెన్’ విలువను తీసుకుని, అవే ప్రిఫిక్స్ (కీ మొదటి భాగం), డీలిమిటర్లతో, తర్వాతి కాల్‌లో ‘కంటిన్యుయేషన్ టోకెన్’గా పంపాలి. టోకెన్ పంపడం మరిస్తే లూప్ ఆగదు, మొదటి వెయ్యే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. చూడ్డానికి పని జోరుగా సాగుతున్నట్టే ఉంటుంది.

పైథాన్‌లో అమెజాన్ లైబ్రరీ బోటో3 వాడేవాళ్లు ఈ లూప్ సొంతంగా రాసుకోనక్కర్లేదు. గెట్ పేజినేటర్‌కు ఈ కాల్ పేరిస్తే పేజీలు అదే తిప్పుకుంటుంది. అయితే ఒక చోట జాగ్రత్త: ప్రిఫిక్స్‌కు ఒక్క ఆబ్జెక్టూ తగలకపోతే జవాబులో ఆబ్జెక్టులుండే ‘కంటెంట్స్’ ఖాళీ లిస్టుగా రాదు, అసలు ఆ ఫీల్డే ఉండదు. చదరపు బ్రాకెట్లతో నేరుగా తీస్తే కీ ఎర్రర్ (ఇది పైథాన్‌ది, ఎస్3 కీ కాదు). డిక్షనరీ గెట్ పద్ధతిలో తీసుకుని, డీఫాల్ట్‌గా ఖాళీ లిస్టు ఇవ్వండి.

టోకెన్ ఆ వరుసలో నడిచే ఒక్క నడకకే. రెండు గంటల పని మధ్యలో మెషీన్ ఆగిపోతే మళ్లీ అక్కణ్నుంచే మొదలవ్వాలంటే, చివరగా చూసిన కీని ఎక్కడైనా రాసిపెట్టుకుని ‘స్టార్ట్ ఆఫ్టర్’లో ఇవ్వాలి. జాబితా వరుసక్రమంలో వస్తుంది కాబట్టి ఇది సాధ్యం. అదే కారణంగా ఇంకోటి కూడా జరుగుతుంది: మీరు ‘మ’ల దగ్గర ఉండగా ఎవరో ‘క’తో మొదలయ్యే ఫైలు పెడితే అది ఈ విడతలో మీకు దొరకదు. 2020 డిసెంబర్ నుంచి ఎస్3 లిస్ట్ జవాబులు ఎప్పటికప్పుడు తాజాగానే ఉంటున్నాయి, ఇప్పుడే పెట్టిన ఫైలు వెంటనే కనబడుతుంది. కానీ ఆ హామీ ఒక్కో కాల్‌కే. పది వేల పేజీల నడకను ఒకే క్షణాన తీసిన ఫొటో అనుకోకూడదు.

ప్రిఫిక్స్ అంటే ‘ఈ అక్షరాలతో మొదలయ్యేవి’ అని మాత్రమే అర్థం. ‘లాగ్స్/2024/1’ అని ఇస్తే ఒకటో నెలతో పాటు 10, 11, 12 నెలలూ వచ్చిపడతాయి. చివర స్లాష్ పెట్టాలి, నెలను 01 అని రాసుకోవాలి. లినక్స్ అలవాటు కొద్దీ ముందు స్లాష్ పెట్టి ‘/లాగ్స్/’ అంటే ఏమీ రాదు, అలాంటి పేరుతో మొదలయ్యే కీ లేదు గనుక. జవాబు మాత్రం 200, అంతా సవ్యమేనన్నట్టు.

డీలిమిటర్‌గా స్లాష్ ఇస్తే ప్రిఫిక్స్ తర్వాత వచ్చే మొదటి స్లాష్ వరకు ఒకేలా ఉన్న కీలన్నీ ఒక్క పద్దుగా ముడిచి ‘కామన్ ప్రిఫిక్సెస్’లో ఇస్తుంది. కన్సోల్‌లో కనబడే ఫోల్డర్లు ఇవే. ఈ పద్దులు కూడా ఆ వెయ్యిలో భాగమే. కంటెంట్స్‌ను మాత్రమే లెక్కపెడుతూ ‘వెయ్యి రాలేదు, కాబట్టి ఇదే చివరి పేజీ’ అని తేల్చే కోడ్ ఇక్కడ బోల్తా పడుతుంది. పేజీ పూర్తయిందో లేదో ఈజ్ ట్రంకేటెడ్‌నే అడగాలి.

కన్సోల్‌లో ‘క్రియేట్ ఫోల్డర్’ నొక్కితే స్లాష్‌తో ముగిసే పేరున్న సున్నా బైట్ల ఆబ్జెక్టు ఒకటి పుడుతుంది. జాబితాలో అది మామూలు ఫైలులాగే వస్తుంది. అన్నింటినీ దించే స్క్రిప్ట్ దాన్నీ ఫైలుగా రాయబోయి, ఆ పేరు డైరెక్టరీది కావడంతో చతికిలపడుతుంది. సైజు సున్నా, చివర స్లాష్ ఉంటే దాటేయండి.

వరుసక్రమం అన్నాను కదా, అది మన నిఘంటువు క్రమం కాదు, అక్షరాలను కంప్యూటర్ దాచే యూటీఎఫ్-8 బైట్ల క్రమం. ఇంగ్లిష్ పెద్దక్షరాలన్నీ చిన్నక్షరాల కన్నా ముందు. ‘10’ ముందు, ‘2’ తర్వాత. ‘ళ’ నిఘంటువులో ‘హ’ తర్వాత కదా, ఇక్కడ ‘వ’ కన్నా ముందే వస్తుంది. ఎక్స్‌ప్రెస్ వన్ జోన్ అనే నిల్వ రకంలోని డైరెక్టరీ బకెట్లలో అయితే ఈ క్రమం కూడా ఉండదు, అక్కడ వరుస మీద ఆధారపడే కోడ్ రాయకూడదు.

తెలుగు పేర్లతో ఫైళ్లు పెట్టేవాళ్లకు ఇంకో మూడు చిక్కులున్నాయి. మొదటిది, కీ పొడవుకు పరిమితి 1024 అక్షరాలు కాదు, 1024 బైట్లు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. గుణింతం గుర్తుకు విడిగా, పొల్లుకు విడిగా. అంటే మొత్తం 341 సంకేతాలు. ‘హైదరాబాద్’ ఒక్కదానికే 27 బైట్లు.

రెండోది ఎక్కువ మందికి తెలియదు. అదే ‘హైదరాబాద్’ను 30 బైట్లతోనూ రాయొచ్చు. ఐత్వానికి యూనికోడ్‌లో రెండు రూపాలున్నాయి: ఒకే సంకేతంగా ఒకటి, ఎత్వమూ కింది గుర్తూ విడివిడిగా ఇంకొకటి. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్క్ ఫైలు పేర్లను విడదీసిన రూపంలోనే దాస్తుంది, అక్కణ్నుంచి ఎక్కించిన ఫైలు అదే రూపంతో బకెట్‌లోకి చేరుతుంది. ఎస్3 బైట్లను సరిపోలుస్తుందే తప్ప రూపాన్ని సరిచేయదు. మీరు కీబోర్డు మీద కొట్టిన ‘హైదరాబాద్/’ ప్రిఫిక్స్‌కు కీకౌంట్ (దొరికిన కీల సంఖ్య) సున్నా, కన్సోల్‌లో చూస్తే ఫైళ్లు కళ్లెదుటే! అనుమానం వస్తే కీని యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి పొడవు చూడండి. ఎక్కించే ముందే పైథాన్‌లోని యూనికోడ్‌డేటా నార్మలైజ్‌తో ఎన్ఎఫ్‌సీ (కలిపిన) రూపంలోకి తెస్తే ఈ గొడవ ఉండదు. ఇప్పటికే ఎక్కిపోయినవైతే మామూలు బకెట్‌లో పేరు మార్చే ఏపీఐ లేదు, కొత్త పేరుతో కాపీ చేసి పాతది తీసేయాలి. 5 జీబీ దాటినవాటికి ఆ కాపీ కూడా ముక్కలుగానే.

మూడోది, పొల్లు తర్వాత ఒత్తు పడకుండా పెట్టే కనబడని అక్షరం. ‘బ్యాంక్’ లాంటి పేరు చివర అది ఉందో లేదో కంటికి తెలియదు, ఉన్న కీ వేరు, లేని కీ వేరు. ఇవన్నీ చూశాక నా సలహా ఒక్కటే: కీ పేర్లు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్లతో పెట్టి, తెలుగు పేరును డేటాబేస్‌లో ఉంచండి. భాష మీద ప్రేమ చూపించడానికి ఇది చోటు కాదు.

‘నిన్నటి నుంచి వచ్చిన ఫైళ్లే ఇవ్వు’ అని అడిగే వీలు ఈ ఏపీఐలో లేదు. తేదీతో గానీ, సైజుతో గానీ సర్వర్ వైపు వడకట్టదు. కమాండ్ లైన్‌లో క్వెరీ ఆప్షన్ పెట్టినా, అన్ని పేజీలూ మన మెషీన్‌కు వచ్చాకే వడపోత జరుగుతుంది. దానికి టెక్స్ట్ అవుట్‌పుట్ తోడైతే క్వెరీ పేజీకోసారి నడుస్తుంది. మొత్తం లెక్క అడిగితే 1000, 1000, 1000, 412 అని వరుసగా వచ్చేది అందుకే. జేసన్ అవుట్‌పుట్ పెట్టండి, ఒకే అంకె వస్తుంది.

తేదీ విషయంలో ఇంకోటి. ఏపీఐ ఇచ్చే సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). మన డిసెంబర్ 5 తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కించిన ఫైలు డిసెంబర్ 4, 22:30 అని వస్తుంది. ఉదయం అయిదున్నర లోపు వచ్చినవన్నీ ముందురోజు ఖాతాలో పడతాయి. కమాండ్ లైన్‌లోని ఎస్3 ఎల్ఎస్ మాత్రం ఆ మెషీన్ స్థానిక సమయం చూపిస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఒకటి, సర్వర్‌లో ఒకటి కనబడి తగువులవుతాయి. బోటో3 ఇచ్చే సమయానికి టైమ్‌జోన్ తగిలించి ఉంటుంది. టైమ్‌జోన్ లేని డేట్‌టైమ్‌తో పోలిస్తే టైప్ ఎర్రర్.

యాక్సెస్ డినైడ్ వస్తే ముందు చూడాల్సింది అనుమతుల పాలసీలోని రిసోర్స్ వరుస. ఈ కాల్‌కు కావాల్సిన అనుమతి పేరు లిస్ట్ ఆబ్జెక్ట్స్ కాదు, లిస్ట్ బకెట్. పైగా అది బకెట్ మీద ఇవ్వాలి, అంటే ఏఆర్ఎన్ (అమెజాన్ ఇచ్చే చిరునామా లాంటి పేరు) చివర స్లాష్, నక్షత్రం ఉండకూడదు. ఫైళ్లు చదివే గెట్ ఆబ్జెక్ట్‌కేమో అవి ఉండాలి. రెంటినీ ఒకే వాక్యంలో నక్షత్రంతో రాసేయడం అతి మామూలు పొరపాటు. ఒక టీమ్ తన ప్రిఫిక్స్ వరకే చూడాలంటే ఎస్3 ప్రిఫిక్స్ కండిషన్ పెట్టొచ్చు. లిస్ట్ అనుమతి లేనివాళ్లు లేని ఫైలు అడిగినా 404 (దొరకలేదు) బదులు 403 (అనుమతి లేదు) వస్తుంది, ఉందో లేదో కూడా తెలియనివ్వకుండా.

బకెట్ హైదరాబాద్ రీజియన్‌లో ఉంటే దాని కోడ్ ఏపీ-సౌత్-2. ఏపీ అంటే ఇక్కడ ఆసియా పసిఫిక్ లెండి, విభజన గొడవేమీ లేదు. 2022 నవంబర్‌లో వచ్చిన ఈ రీజియన్ ముంబైలాగా ఖాతాలో ముందే తెరిచి ఉండదు, మనమే ఎనేబుల్ చేసుకోవాలి.

బకెట్ పెరిగేకొద్దీ అసలు అడ్డంకి ఖర్చు కాదు, సమయం. ముందు పేజీ వస్తే గానీ తర్వాతి టోకెన్ చేతికి రాదు కాబట్టి ఒకే వరుసను నలుగురికి పంచలేం. పేజీకి 200 మిల్లీసెకన్లు అనుకున్నా కోటి ఆబ్జెక్టులకు 33 నిమిషాలు. డీలిమిటర్‌తో ముందు పై స్థాయి పద్దులు తెచ్చుకుని, ఒక్కో ప్రిఫిక్స్‌ను ఒక్కో థ్రెడ్‌కు ఇస్తే పని చీలుతుంది. మరీ ఎక్కువ దూకుడైతే 503 స్లో డౌన్ వస్తుంది, కాస్త ఆగి, ఆగే వ్యవధి పెంచుకుంటూ మళ్లీ అడగాలి. ఇలాంటి జాబితా రోజూ కావాలంటే లిస్ట్ కాల్స్ మాని ఎస్3 ఇన్వెంటరీ పెట్టుకోండి. రోజుకో వారానికో సీఎస్‌వీ, ఓఆర్‌సీ, పార్కే ఫైళ్లుగా జాబితా వచ్చి పడుతుంది. మొదటి రిపోర్ట్‌కు 48 గంటల దాకా పట్టొచ్చు.

సంఖ్య ఒక్కటే కావాలంటే అమెజాన్ పర్యవేక్షణ సేవ క్లౌడ్‌వాచ్‌లో రోజూ కనబడుతుంది. అది మీ జాబితా లెక్కతో కలవకపోతే కంగారు పడకండి. వెర్షనింగ్ (పాత ప్రతులనూ దాచడం) ఉన్న బకెట్‌లో పాత వెర్షన్లు, డిలీట్ మార్కర్లు (తీసేసినట్టు పెట్టే గుర్తులు), సగంలో ఆగిన మల్టీపార్ట్ ముక్కలు అన్నీ ఆ సంఖ్యలో ఉంటాయి. లిస్ట్ ఆబ్జెక్ట్స్ వీ2 మాత్రం బతికున్న తాజా వెర్షన్లనే చూపిస్తుంది. జాబితా ఖాళీగా వచ్చినా బకెట్‌ను తీసేయబోతే ‘బకెట్ నాట్ ఎంప్టీ’ అని మొండికేసేది అందుకే. అప్పుడు లిస్ట్ ఆబ్జెక్ట్ వెర్షన్స్ కాల్ వేసి, వచ్చిన కీ, వెర్షన్ ఐడీ జతలను డిలీట్ ఆబ్జెక్ట్స్‌కు ఇవ్వండి. అది కూడా ఒక్కసారికి వెయ్యే తీసుకుంటుంది, కాబట్టి ఒక పేజీకి ఒక డిలీట్ కాల్ చొప్పున సరిగ్గా సరిపోతుంది. డిలీట్ కాల్స్‌కు ఛార్జీ లేదు.