మా చింటూగాడిని చివరికి ఎక్కడికి పంపామంటే

మొన్న మా లాబ్రడార్ చింటూ పోయాడు. కిడ్నీలు పాడైపోయి, తాగిన నీళ్ళు కూడా కక్కేస్తుంటే డాక్టర్ గారే ఇంటికొచ్చి, ఇక బాధపడకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ చేశారు. ఆ పని ప్రశాంతంగానే అయిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆయన చెప్పినవే బాగా పనికొచ్చాయి: కాసేపట్లో బిగుసుకుపోతాడు, ఇప్పుడే కాళ్ళు ముడిచి పడుకోబెట్టండి, కింద పాత టవళ్ళు వెయ్యండి, ఏసీ పెట్టండి. ఈ మందు ఒంట్లో అలాగే ఉండిపోతుంది, పైపైన పూడిస్తే తవ్వుకు తిన్న కుక్కలూ గద్దలూ కూడా చస్తాయి, పూడిస్తే బాగా లోతుగా పూడ్చండి అన్నారు.

మా ఆయన నల్గొండ దగ్గర మామగారి పొలంలో వేపచెట్టు కింద పెడదామన్నారు. మండే ఎండలు, అంత దూరం, పైగా చెట్టు పక్కనే బోరు. నేను ఒప్పుకోలేదు. అపార్ట్‌మెంట్ వెనక గోడ పక్కన జాగా ఉంది కదా, అడుగుదామని సెక్రటరీ గారికి ఫోన్ చేశా.

కిందకి రమ్మన్నారు. పార్కింగ్‌లో ఇంకో నలుగురున్నారు. "ఇదేమన్నా శ్మశానమా అమ్మా? కవర్లో చుట్టి గేటు బయట డస్ట్‌బిన్ దగ్గర పెట్టేయండి, పొద్దున్నే చెత్తబండి వాడు తీసుకుపోతాడు" అన్నారు. వాడి ఒంట్లో మందుంది సార్, వీధికుక్కలు లాగితే అవీ పోతాయి అంటే పక్కనాయన "మంచిదేగా, పీడా పోతుంది" అని నవ్వాడు. నవ్వాడు! వినాయకచవితి చందాకి వచ్చినప్పుడల్లా చింటూతో షేక్‌హ్యాండ్ ఇప్పించుకుని సెల్ఫీలు దిగిన మనిషే! అందరి ముందూ ఏడ్చేశా. పైకి వెళ్తుంటే వెనకనించి సెక్రటరీ గారు, "లిఫ్ట్‌లో మాత్రం దించకండమ్మా, పూజలు చేసుకునేవాళ్ళుంటారు" అని. దాదాపు ముప్పై కిలోల కుక్కని దుప్పట్లో వేసి నాలుగో ఫ్లోర్ నించి మెట్లమీద దించాం, మా ఆయన రెండు కొసలు, నేను రెండు కొసలు, దుప్పటి జారుతుంటే మెట్టు మెట్టుకీ ఆగుతూ. మూడో ఫ్లోర్ ఆంటీ తలుపు తీసి చూసి, చీర కొంగు బొడ్లో దోపుకుని మధ్యలో చెయ్యేసింది. రోజూ గంటసేపు పూజ చేసుకునేది ఆవిడే మరి, ఆవిడకి అంటని మైల వీళ్ళకే అంటుతుందేం?

హైదరాబాద్‌లోనే నాగోల్ దగ్గర ఫతుల్లగూడలో జంతువులకే దహనవాటిక ఉందని డాక్టర్ గారు చెప్పారు, అక్కడికే తీసుకెళ్ళాం. ఏ గొడవా లేదు. ముందు ఫోన్ చేసి వెళ్ళండి, డాక్టర్ చీటీ వెంట పెట్టుకోండి. ఎక్కడికెళ్ళినా విడిగా కాలుస్తారా, నాలుగైదు కలిపి కాలుస్తారా అని ముందే అడగండి, కలిపితే ఆ బూడిద మీవాడిదని ఎవరూ చెప్పలేరు. నెట్‌లో దొరికిన ఒక ప్రైవేటు సర్వీసువాడు కుక్క పేరు కూడా అడక్కుండా "బేసిక్కా ప్రీమియమ్మా మేడమ్, ప్రీమియంలో పూలదండ ఫ్రీ" అన్నాడు, ఫోన్ పెట్టేశా.

బూడిద విభూతిలా మెత్తగా ఉండదు, ఎముక ముక్కలు చేతికి గరగరా తగుల్తాయి, తెలియకపోతే ఉలిక్కిపడతారు. మా అత్తగారు అస్థికలు ఇంట్లో ఉంచకూడదన్నారు, ఆదివారం పొలానికి తీసుకెళ్ళి వేపచెట్టు కిందే కలిపేశాం. మా ఆయన పంతమే నెగ్గిందనుకోండి.

అన్నట్టు వచ్చే నెల అసోసియేషన్ ఎలక్షన్లు. సెక్రటరీ పోస్టుకి నామినేషన్ వేశా. ఆంటీ అప్పుడే నా తరఫున ఫ్లోర్ ఫ్లోర్‌కీ తిరుగుతోంది.