పైరెప్పల ఆపరేషన్: నా అనుభవం

యాభై దాటాక నా పైరెప్పల చర్మం మడతపడి రెప్పల వెంట్రుకల మీదికి జారింది. మా అమ్మకీ అంతే. క్లాసులో పిల్లలు "మేడమ్‌కి నిద్రొస్తోందిరా" అని గుసగుసలాడేవాళ్ళు. కళ్ళు తెరిచి ఉంచడానికి కనుబొమలు ఎత్తీ ఎత్తీ సాయంత్రమయ్యేసరికి నుదురంతా బిగదీసినట్టుండేది. అయినా నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళింది నుదురు కోసం కాదు, ఫోటోల్లో నా మొహం నాకే నచ్చక. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

మిగులు చర్మం తీసేసే ఈ ఆపరేషన్ ప్లాస్టిక్ సర్జన్లూ చేస్తారు, కంటి డాక్టర్లలో ఆక్యులోప్లాస్టీ (రెప్పలు, కంటి చుట్టుపక్కల సర్జరీ) చదివినవాళ్ళూ చేస్తారు. నేను రెండోవాళ్ళని ఎంచుకున్నాను. కోసేది రెప్పే అయినా, తేడా వస్తే బాధపడేది కన్ను కదా. హైదరాబాద్‌లో పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఈ విభాగం విడిగా ఉంటుంది.

మొదటిరోజు ఆపరేషన్ మాటే ఎత్తలేదు, అన్నీ కొలతలే. రెప్ప అంచు కనుపాపకి ఎంత పైన ఉందో స్కేలుతో చూశారు. అంచే కిందికి దిగితే అది రెప్పని ఎత్తే కండరం బలహీనపడటం, దాని ఆపరేషన్ వేరట. కనుబొమని చేత్తో పైకెత్తి చూశారు. కనుబొమ జారడం వల్ల మడత పడితే చర్మం ఎంత తీసినా లాభం ఉండదు. తర్వాత కింది రెప్ప లోపల సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. కన్నీళ్ళు సరిగ్గా ఊరుతున్నాయో లేదో దానితో తెలుస్తుంది. కన్ను ముందే పొడిబారి ఉంటే ఆపరేషన్ తర్వాత ఇంకా ఇబ్బందట. బీపీ, షుగర్, థైరాయిడ్ సంగతులు అడిగారు. రక్తం పలచబడే మాత్రలు, చేపనూనె మాత్రలు, విటమిన్ ఇ ఏవైనా వాడుతున్నానా అని గుచ్చి గుచ్చి అడిగారు. గుండెకి ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టర్‌ని అడిగే ఆపాలి.

"ఎక్కువ తీసేయండి డాక్టర్ గారూ, మళ్ళీ మళ్ళీ రాలేను" అన్నాను. ఆవిడ నవ్వి, "కనుబొమ నుంచి వెంట్రుకల దాకా కనీసం 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలమ్మా, లేకపోతే నిద్రలో కన్ను మూతపడదు" అన్నారు. ఇంకాస్త తర్వాతైనా తీయొచ్చు గానీ, తీసింది తెచ్చి అతికించడం తేలిక కాదు. అప్పటి నుంచి నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఆపరేషన్ రోజు కూర్చోబెట్టి పెన్నుతో గీతలు గీశారు. పడుకుంటే చర్మం వెనక్కి జారి లెక్క తప్పుతుందట. మొత్తం మత్తు ఇవ్వలేదు, రెప్పలకే ఇంజక్షన్. ఆ సూది మాత్రం చురుక్కుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత నొప్పి లేదు గానీ అన్నీ తెలుస్తూనే ఉంటాయి: లాగుతున్నట్టు, కత్తెర చప్పుడు, రక్తం ఆపడానికి కాల్చేటప్పుడు జుట్టు మాడిన వాసన. ఆ వాసన గురించి ముందే చెప్పి ఉంటే బాగుండేది. మధ్యలో "కళ్ళు తెరవండమ్మా, మూయండి" అంటూ రెండు వైపులా సరిచూశారు. అదేరోజు ఇంటికి పంపించేశారు.

ఇంటికి పంపేటప్పుడు ఒక్క జాగ్రత్త రెండుసార్లు చెప్పారు. ఒక కన్ను ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బినా, నొప్పి పెరుగుతూ పోయినా, చూపు మసకబారినా అర్ధరాత్రయినా సరే వెంటనే రావాలి. కంటి వెనక రక్తం చేరితే చూపు నరం నలిగిపోతుంది. చాలా అరుదే గానీ, వస్తే ఆలస్యం చేసే వీల్లేదు. ఆయింట్‌మెంట్ వల్ల చూపు కాస్త అలికినట్టుండటం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు.

మొదటి రెండు రోజులు ఐస్ ప్యాక్, తల కింద ఎత్తుగా దిండ్లు. వంగకూడదు, బకెట్ ఎత్తకూడదు. పొద్దున లేవగానే వాపు ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గేది. కమిలిన నలుపు బుగ్గల మీదికి దిగి, పచ్చబడి, ఆ తర్వాత పోయింది. ఈలోగా అపార్ట్‌మెంట్‌లో అందరూ మా ఆయన వంకే అదోలా చూశారు. ఆయన నాతో కలిసి లిఫ్ట్ ఎక్కడం మానేశారు. వారం తిరక్కుండా కుట్లు తీశారు, చీమ కుట్టినంత నొప్పి. రెండు వారాల దాకా కాటుక, లెన్సులు వద్దన్నారు. కాటుక పెట్టడం మొదలుపెట్టాక కూడా రెప్ప అంచు మొద్దుబారినట్టే ఉంది, స్పర్శ మెల్లగా వచ్చింది. కన్నీటి చుక్కల మందు మాత్రం చాలాకాలం హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకున్నాను.

డబ్బు సంగతి: అందం కోసం చేయించుకునే సర్జరీకి మన హెల్త్ ఇన్సూరెన్సులు డబ్బివ్వవు. చర్మం చూపుకే అడ్డొస్తోందని ఫీల్డ్ టెస్ట్‌లో (పైనా పక్కలా ఎంత మేర కనబడుతోందో కొలిచే పరీక్ష) తేలితే అడిగి చూడొచ్చు. నాకు అంత అడ్డం లేదు, జేబులోంచే కట్టాం.

కళ్ళ కింద సంచుల గురించీ అడిగాను. అక్కడ ఉబ్బింది కొవ్వు, రెప్ప లోపలి నుంచి తీస్తే బయట కుట్టు కూడా కనబడదట. కానీ నన్ను బాధపెట్టేది ఆ నలుపు. అది చర్మం రంగు, కొవ్వు తీస్తే పోదు అన్నారు. అందుకే వదిలేశాను. కంటి చివర ముడతలూ అలాగే ఉన్నాయి.

ఇప్పటికీ ఎడమ రెప్ప గీత కుడిదానికంటే వెంట్రుకవాసి పైకి ఉంది. ఆరు నెలలు గడిచేదాకా తీర్పు చెప్పొద్దన్నారు డాక్టర్. మా ఆయనకి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఏ కన్ను?" అన్నారు.