నీలి పుస్తకంలో మన రైతుల మొర: ఒక పార్లమెంటు పత్రాన్ని వెతికిన నా అనుభవం

గుంటూరులో నాకు చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టారు ఒకసారి ఫోను చేసి, "ఏమ్మా, ఇంగ్లండులోనే ఉన్నావు కదా, 1855 నాటి మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదికను పార్లమెంటు అచ్చువేయించిన ప్రతిలోనే ఒకసారి చూసి, మన జిల్లాల సంగతి అందులో ఏముందో చెప్తావా?" అని అడిగారు. నేను చదువుతున్న విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బ్రిటిష్ పార్లమెంటు పత్రాల సంపుటాలు నేలమాళిగ నిండా ఉన్నాయని తెలుసు కాబట్టి, రెండు రోజుల్లో చెప్తానండీ అని మాట ఇచ్చాను. ఆ ఒక్క పత్రం చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. ఇలాంటి పత్రాల కోసం వెతికే తెలుగువారికి ఆ మూడు వారాల్లో నేను తెలుసుకున్నది ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ నివేదిక కథ కొంత చెప్పాలి. మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తక కుటుంబానికి చెందిన గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో 'క్రెసెంట్' పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఈస్టిండియా కంపెనీ చార్టరును, అంటే దాని పాలనాధికార పత్రాన్ని, పొడిగించే విషయం 1853లో పార్లమెంటు ముందుకు వస్తున్నదని తెలిసి, ఆ సంఘం మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) ప్రజల కష్టాలను వివరిస్తూ ఒక మహజరు, అంటే విన్నపపత్రం, పంపింది. శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారన్నది ఆ సంఘం పట్టు విడవకుండా వినిపించిన ఫిర్యాదు. డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు స్వయంగా మద్రాసు వచ్చి, లక్ష్మీనరసు శెట్టితో కలిసి జిల్లాలు తిరిగి, లండన్‌కు వెళ్లి సభలో మాట్లాడాడు. ఆ ఒత్తిడితోనే 1854లో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు సభ్యులతో కమిషన్ ఏర్పడింది. వారి నివేదిక 1855 ఏప్రిల్‌లో పూర్తయింది.

ఇంత తెలిసి ఉండి కూడా నేను మొదటి రోజే తప్పుదారి పట్టాను. గ్రంథాలయ కేటలాగులో మద్రాసు, చిత్రహింస, కమిషన్ అన్న మాటలన్నీ ఇంగ్లీషులో వేసి వెతికితే ఆధునిక పరిశోధన గ్రంథాలు వచ్చాయి కానీ అసలు పత్రం రాలేదు. కారణం ఆ తర్వాత అర్థమైంది. వేల సంపుటాలున్న ఆ పత్రాల వరుస మొత్తానికీ కేటలాగులో ఒకే ఒక్క నమోదు ఉంటుంది, లోపలి పత్రాల పేర్లు అందులో ఉండవు. అంటే మనం వెతుకుతున్న పత్రం పది అడుగుల దూరంలో అలమారలో ఉన్నా కేటలాగు మాత్రం లేదనే చెబుతుంది.

అక్కడ ప్రభుత్వ ప్రచురణల విభాగం చూసే గ్రంథపాలకురాలు నా అవస్థ గమనించి, ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఆ కాగితం సభలోకి ఎలా వచ్చింది?" అని. విషయాన్ని పట్టుకుని వెతకడం మానేసి, కాగితం నడిచిన దారిని పట్టుకుని వెతకమన్నది ఆమె సలహా. నా పని మొత్తాన్ని నడిపించింది ఆ ఒక్క మాటే కాబట్టి ఆ దారిని కొంచెం వివరంగా చెబుతాను.

పార్లమెంటు రికార్డు అని మనం ఒకే మాటతో పిలిచేది నిజానికి మూడు నాలుగు వేర్వేరు వరుసలు. సభ ఏ రోజు ఏం చేసిందో, ఏ తీర్మానం నెగ్గిందో, ఏ పత్రాన్ని అచ్చువేయమని ఆజ్ఞాపించిందో చెప్పేవి జర్నళ్లు. సభ్యులు ఏం మాట్లాడారో చెప్పేది హన్సార్డ్. సభ ముందుకు వచ్చిన నివేదికలు, లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు అచ్చయినవి సెషనల్ పేపర్లు. నీలి అట్టల కారణంగా బ్లూ బుక్స్ అని పేరు పడ్డవి ఇవే. ప్రజలు పంపిన మహజర్ల కోసం కామన్స్ సభ 1833 నుంచి ఒక ప్రత్యేక సంఘాన్ని నడిపింది, దాని నివేదికలు మరో వరుస. ఒకే వ్యవహారం ఈ వరుసలన్నిటిలోనూ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క దొరికితే దాని మీదున్న తేదీ మరో ముక్క దగ్గరికి తీసుకెళుతుంది.

నాకు తేదీ ఇచ్చింది హన్సార్డ్. 1803 నుంచి 2005 వరకు ఉన్న హన్సార్డ్ సంపుటాల పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తుంది కాబట్టి ఈ మెట్టు గుంటూరులో కూర్చున్నా ఎక్కవచ్చు. 1854 జూలై 11న బ్లాకెట్ అనే సభ్యుడు మద్రాసు భూమి శిస్తుపై పెట్టిన తీర్మానం మీద జరిగిన చర్చలో చిత్రహింసల ప్రస్తావన వచ్చింది. 1856 ఏప్రిల్‌లో ప్రభువుల సభలో ఆల్బెమార్ల్ ప్రభువు అదే విషయాన్ని లేవనెత్తాడు. అయితే 1909కి ముందు హన్సార్డ్ సభలో కూర్చుని మాటకు మాట రాసుకున్నది కాదు. పత్రికల్లో వచ్చిన కథనాలను పోల్చి కూర్చినది కావడంతో, ప్రసంగాలు చాలావరకు "ఆయన ఇలా అన్నారు" అన్న ధోరణిలోనే సాగుతాయి. ఆ వాక్యాలను సభ్యుడి నోటి మాటలుగా కొటేషన్ గుర్తుల్లో పెట్టి ఉదహరించడం సరికాదని నేను అనుకుంటున్నాను. ఇంకొక సంగతి, హన్సార్డ్‌లో పేజీని రెండు నిలువు వరుసలుగా చేసి ప్రతి వరుసకూ ఒక సంఖ్య వేస్తారు. అందుకని ఉదహరించేటప్పుడు పేజీ కాకుండా కాలమ్ సంఖ్యే ఇవ్వాలి.

చర్చ తేదీ తెలిశాక నివేదిక ఏ సెషన్‌లో, అంటే ఏ సమావేశాల కాలంలో, సభ ముందుకు వచ్చిందో ఊహించగలిగాను. ఇక్కడ మళ్లీ ఒక తడబాటు. నేను అలమారలో 1855 అన్న అంకె కోసం వెతికాను, అది లేదు. పార్లమెంటు లెక్క క్యాలెండరు సంవత్సరంతో కాదు, సెషన్‌తో. 1854 డిసెంబరులో మొదలై 1855 ఆగస్టులో ముగిసిన సెషన్ పత్రాలన్నీ 1854-55 అన్న పేరుతోనే ఉంటాయి. ప్రతి సెషన్ పత్రాలనూ బిల్లులు, సంఘాల నివేదికలు, కమిషనర్ల నివేదికలు, లెక్కలూ పత్రాలూ అనే నాలుగు తరగతులుగా విడదీసి, సంపుటాలకు రోమన్ అంకెలు వేస్తారు. పేరులో కమిషన్ అని ఉంది కదా అని నేను కమిషనర్ల నివేదికల సంపుటాలన్నీ తిరగేసి ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను. అక్కడ ఉండేవి బ్రిటన్‌లో నియమితమైన కమిషన్లవి. మద్రాసు ప్రభుత్వం నియమించినది "లెక్కలూ పత్రాలూ" అనే నాలుగో తరగతిలోకి వెళ్లింది.

చివరికి దారి చూపింది 1852-53 నుంచి 1868-69 వరకు ఉన్న పత్రాలకు అచ్చయిన సాధారణ సూచిక. దానిలో మద్రాసు కింద చూడడం కంటే "ఈస్ట్ ఇండియా" కింద చూడడం మేలు. భారతదేశానికి సంబంధించిన పత్రాలకు ఆ రోజుల్లో ముందు "ఈస్ట్ ఇండియా" అని వేసి, ఆ పక్కన కుండలీకరణాల్లో విషయం పేరు వేసేవారు. ఆ వరుసలో వేలు పెట్టి కిందికి దిగుతూ పోతే చిత్రహింస అన్న మాట దగ్గర 420 అన్న సంఖ్య కనిపించింది. 1854-55 సెషన్, పత్రం సంఖ్య 420, నలభయ్యో సంపుటం. ఈ సంఖ్య చుట్టూ ఉన్న గుర్తు కూడా ముఖ్యమే. గుండ్రటి కుండలీకరణంలో ఉంటే అది సభ ఆజ్ఞతో అచ్చయిన పత్రం, చదరపు కుండలీకరణంలో ఉంటే రాణి ఆజ్ఞతో సభ ముందుంచిన కమాండ్ పేపర్. రెండు వరుసలకూ సంఖ్యలు వేర్వేరుగా నడుస్తాయి కాబట్టి గుర్తు మారితే పత్రమే మారిపోతుంది.

నలభయ్యో సంపుటం దించి బల్ల మీద పెట్టేసరికి రెండు చేతులూ నొప్పి పుట్టాయి. సూచిక చెప్పిన పేజీ తెరిస్తే అక్కడ వేరే వ్యవహారం ఏదో ఉంది. ఒక సంపుటంలో ఎన్నో పత్రాలను కలిపి కుడతారు, ప్రతి పత్రానికీ దాని అచ్చు పేజీ సంఖ్యలు ఒకటి నుంచి మొదలవుతాయి. సూచిక చెప్పేది మాత్రం సంపుటం మొత్తానికి వరుసగా చేత్తో వేసిన సంఖ్య. మా గ్రంథాలయం ప్రతిలో ఎవరో ఒక గుమాస్తా నూటయాభై ఏళ్ల కిందట గోధుమరంగుకు తిరిగిన సిరాతో ప్రతి పేజీ పై అంచున ఆ సంఖ్యలను శ్రద్ధగా రాసి ఉంచాడు. వాటిని గమనించాక పత్రం దగ్గరికి వెళ్లడం నిమిషం పని అయింది.

ముఖపత్రాన్ని తొందరగా దాటవేయకూడదని అప్పుడే తెలిసింది. ఇలాంటి పత్రాల ముఖపత్రం మీద, ఫలానా తేదీన సభ కోరిన మేరకు సమర్పించినదని, అచ్చువేయమని సభ ఫలానా రోజున ఆజ్ఞాపించిందని ఉంటుంది. చాలా వాటిలో కోరిన సభ్యుడి పేరు కూడా అడుగున ఉంటుంది. ఆ తేదీలు పట్టుకుని జర్నల్ తెరిస్తే పత్రం సభలోకి వచ్చిన క్షణం కనిపిస్తుంది. గ్రంథపాలకురాలు మొదటి రోజు అడిగిన ప్రశ్నకు జవాబు ముఖపత్రం మీదే ఉంటుందన్నమాట.

ఇక లోపల ఉన్నది. కమిషన్ ముందుకు మొత్తం 1,959 ఫిర్యాదులు వచ్చాయి. ఎక్కువ భాగం ఉత్తరాల ద్వారా వచ్చినా, స్వయంగా మద్రాసుకు వచ్చి చెప్పుకున్నవారూ వందల్లో ఉన్నారు. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1856లో. అంటే వీళ్లు రైలు లేని రోజుల్లో, తిరిగి వెళ్లాక అదే తహసీల్దారు చేతికి చిక్కుతామని తెలిసి కూడా బయలుదేరినవాళ్లు. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టడం, తిండికి పోనివ్వకపోవడం, పశువులను మేతకు వదలనివ్వకపోవడం, ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెట్టి వాడి రోజు కూలి కూడా ఆ రైతు చేతే ఇప్పించడం వంటివన్నీ కమిషన్ వరుసగా రాసింది. హింస నిజమేనని తేల్చిన ఆ ముగ్గురే, ప్రజల మొర తమ తోటి నేటివ్ ఉద్యోగుల మీదే తప్ప యూరోపియన్ అధికారుల మీద కాదని కూడా రాశారు. నేను ఆ మాటను ఒప్పుకోలేను. శిస్తు మొత్తాన్ని నిర్ణయించింది ఎవరు, వసూలు తగ్గితే తహసీల్దారును నిలదీసింది ఎవరు అన్న ప్రశ్నలు వేసుకోకుండా చేసిన తీర్పు అది.

మన జిల్లాల కోసం వెతకడంలో స్పెల్లింగులు చాలా ఇబ్బంది పెట్టాయి. గ్రంథాలయం చందా కట్టిన డిజిటల్ సంపుటాల్లో గోదావరి జిల్లా, కృష్ణా జిల్లా అని వెతికితే ఏమీ రాదు, ఎందుకంటే ఆ పేర్లతో జిల్లాలు ఏర్పడింది 1859లో. నివేదిక నాటికి ఉన్నవి రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు. గుంటూరు చివర "ఓఓఆర్" అని, మచిలీపట్నాన్ని "మసూలిపటం" అని, తెలుగును టీ, ఈ, ఎల్ తర్వాత రెండు ఓలు, జీ, మళ్లీ రెండు ఓలు పెట్టి రాశారు. లక్ష్మీనరసు శెట్టి పేరు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. యంత్రం చదివిన పాఠంలో అక్షరాలు మారిపోవడం అదనపు చిక్కు. అందుకే తెర మీద వెతికి పేజీ గుర్తించుకోవడం, ఆ తర్వాత పుస్తకంలో ముందు పేజీలూ వెనుక పేజీలూ కంటితో చదవడం అనే పద్ధతి పెట్టుకున్నాను. కంటితో చదువుతున్నప్పుడే ఒక మాట దగ్గర ఆగిపోయాను.

వేళ్లనూ, చెవులనూ, తొడలనూ రెండు చెక్కల మధ్య పెట్టి, నిమ్మకాయ పిండే సాధనంలా నొక్కే ఒక పరికరాన్ని నివేదిక వర్ణిస్తుంది. అరవంలో కిట్టి అంటారని చెప్పి, పక్కనే కుండలీకరణాల్లో, తెలుగులో దీని పేరు అంటూ ఇంగ్లీషు అక్షరాల్లో "చీరట" అనో "చీరత" అనో చదవదగ్గ ఒక మాట అచ్చువేశారు. ఆ పేజీలో ఉన్న తెలుగు అదొక్కటే. దాన్ని పలికినది ఎవరో రైతు, విన్నది ఎవరో దుబాసీ, రాసింది గుమాస్తా, అచ్చుకూర్చింది తెలుగు ఎన్నడూ వినని లండన్ కార్మికుడు. ఇన్ని చేతులు మారినా మాట చెరిగిపోలేదు.

ఆ సాయంత్రం మాస్టారికి ఫోను చేసి వర్ణన చదివి, మాటను అక్షరం అక్షరం చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిరత అయి ఉంటుందమ్మా. భజనలో చేత్తో వాయించే చెక్కలు లేవూ, చిరతలు, రెండు చెక్కలే కదా అవీ" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. పేజీ వివరం చెప్పమంటే 1854-55, కుండలీకరణంలో 420, సంపుటం నలభై అని చెప్పాను, రాసుకున్నారు. పార్లమెంటుకు చేరింది అచ్చు ప్రతి మాత్రమే, ఆ కాలపు మద్రాసు ప్రభుత్వ రెవెన్యూ దస్త్రాలు చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ అభిలేఖాగారంలో ఉన్నాయి. సంక్రాంతి వెళ్లాక అక్కడికి వెళ్తానని, రైతులు తెలుగులో రాసిన అర్జీ ఒక్కటైనా దొరుకుతుందేమో చూస్తానని ఆయన అన్నారు. నేను సిరా పేజీ సంఖ్యలతో సహా నా నోట్సు మొత్తం ఆయనకు పంపించాను.