అంతర్వేది దారిలో ఒక బంతి భోజనం

కార్తిక మాసపు ఆదివారం అంతర్వేది నరసింహస్వామిని దర్శించుకుందామని బయలుదేరిన నేను, రావులపాలెంలో చల్లారిన మూడు ఇడ్లీలకు 60 రూపాయలు సమర్పించుకుని, ఆ చిరాకుతోనే బస్సెక్కాను. అది పి.గన్నవరం వరకే వెళ్తుందట. రాజోలు బస్సుకు ఇంకా గంటన్నర ఉందన్నారు.

చేసేది లేక అక్విడక్టు వైపు నడిచాను. కింద వైనతేయ గోదావరి, పైన దానికి అడ్డంగా సాగిపోయే పంటకాలువ. కాటన్ దొర కాలంనాటి పాత వంతెన పక్కనే కొత్తది. ఆ కొత్తదానికి పెట్టిన పేరు మంత్రిదీ కాదు, ఇంజనీరుదీ కాదు, ఈ లంకల గన్నవరం కోడలిగా వచ్చి, వేళగాని వేళ వచ్చినవారికి సైతం పొయ్యి వెలిగించి వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారిది. ఆమె 1909లో కన్నుమూశారు. 2024 నుంచి రాష్ట్రంలోని బడిపిల్లల మధ్యాహ్న భోజనం ఆమె పేరుతోనే సాగుతోంది.

దగ్గరలోని ఒక గుడి వద్ద అన్నదానం జరుగుతోంది. పందిరి ముందు నిలువెత్తు ఫ్లెక్సీ మీద బియ్యం దాత, నెయ్యి దాత, విస్తళ్ల దాత అంటూ ఫొటోలతో సహా పేర్లున్నాయి. మా ఊరి రామాలయంలో ట్యూబులైటు మీద దాత వంశవృక్షమంతా రాయించగా, వెలుతురు సగమే మిగిలిన సంగతి గుర్తుకొచ్చి నవ్వుకున్నాను. అయినా దాతలను తప్పుపట్టలేను. బస్తాలు ఇచ్చినవారు లేకపోతే ఆ బంతే లేదు. కాకపోతే తెల్లవారుజామున కూరలు తరిగినవారి పేర్లు, ఎంగిలి విస్తళ్లు ఎత్తుతున్న కుర్రవాళ్ల పేర్లు ఆ ఫ్లెక్సీలో ఎక్కడా కనిపించలేదు.

మొహమాటంగా నిలబడిన నన్ను ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. పప్పు, కందా బచ్చలి కూర, పులిహోర, ముద్దపప్పు మీద ధారగా నెయ్యి. మారు వడ్డన వద్దన్నా ఆయన వినలేదు. మీ పేరేమిటని అడిగితే, "ఆయ్, పేరుకేముందిలెండి బాబూ, ముందు పులుసు కలుపుకోండి" అంటూ గోకర్ణంతో పక్క విస్తరికి సాగిపోయారు.

సీతమ్మ గారు ఒకసారి పల్లకీలో అంతర్వేదికి వెళ్తూ, గన్నవరం చేరితే సీతమ్మ అన్నం పెడుతుందని తమ పిల్లలను ఊరడిస్తున్న బాటసారుల మాటలు విని, దర్శనం మానుకుని ఇంటికి మళ్లి వారికి వండిపెట్టారని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఆ రోజు అంతర్వేది దర్శనం నాకూ కాలేదు. ఆమెను వెనక్కి మళ్లించింది పరుల ఆకలి. నాకు రాజోలు బస్సు తప్పిపోయింది మాత్రం భుక్తాయాసంతో గుడి అరుగు మీద కునుకు పట్టడం వల్ల.