బతికున్నానని కంప్యూటర్‌కి చెప్పబోయి

ఇందాకే విశాఖ ద్వారకానగర్ నుంచి సీపీయూ ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాను. ఆటోకి రానూపోనూ అయింది తలుచుకుంటే కడుపుమంట, ఎందుకెళ్లానో తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

స్టీల్ ప్లాంట్ ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో 31 ఏళ్లు చేశాను. పింఛను ఆగకూడదంటే ఏడాదికోసారి బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. ఈసారి లైన్లో నిలబడకుండా జీవన్ ప్రమాణ్, అదే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్, ఇంట్లోనే చేసుకుందామని వేలిముద్ర మెషిన్ ఆన్‌లైన్లో తెప్పించాను. మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవరు), ఆధార్, పింఛను ఆర్డరు మీదుండే పీపీఓ నంబరు, ఓటీపీ... అన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి.

మెషిన్ తగిలించాలి. సీపీయూ బల్ల కింద, వీపు గోడకి. నా నడుం వంగదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, తడిమి, కన్నం దొరకగానే తోశాను. బిగుతుగా కూర్చుంది. మెషిన్లో మాత్రం లైటు లేదు. స్క్రీన్ మీద డివైస్ దొరకలేదని వచ్చింది.

కస్టమర్ కేర్‌కి చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఓ అమ్మాయి ఎత్తింది.

"సార్, యూఎస్‌బీ సరిగ్గా పెట్టారా?"

"31 ఏళ్లు హైటెన్షన్ కరెంటు ప్యానెళ్లు చూశానమ్మా. నాకు వైరు పెట్టడం నేర్పుతావా?"

"ఒకసారి తీసి వేరే పోర్టులో పెట్టి చూస్తారా సార్?"

తీయలేదు. తీశానని చెప్పాను. పాపం, ఆ అమ్మాయి నాచేత డ్రైవరు రెండుసార్లు తీయించి వేయించింది, కంప్యూటర్ నాలుగుసార్లు రీస్టార్ట్ చేయించింది. చివరికి మీ మెషినే డెడ్డని తేల్చి ఫోన్ పెట్టేశాను.

దగ్గర్లో గాజువాకలోనే షాపులున్నాయి. కానీ అక్కడొకడు పోయినేడు ప్రింటర్‌కి కొత్త ఇంకు క్యాట్రిడ్జ్ అని రీఫిల్ చేసింది అంటగట్టాడు, ఆ వీధి మొహం చూడను. అందుకే కరెంటు వైరూ మానిటర్ వైరూ పీకి, వేలిముద్ర మెషిన్ దాని తోకతో సహా సీపీయూని దుప్పట్లో చుట్టి ద్వారకానగర్ బయల్దేరాను.

షాపు కుర్రాడు దుప్పటి విప్పి, సీపీయూని వెనక్కి తిప్పాడు. ఒక్క క్షణం చూశాడు. నవ్వు ఆపుకుంటూ లోపలికి కేకేశాడు: "ఒరే, ఇటొచ్చి చూడరా."

ఇంకొకడొచ్చాడు. కౌంటరు దగ్గరున్న ఇద్దరు కాలేజీ పిల్లలు కూడా తొంగిచూశారు.

"అంకుల్, ఇది ల్యాన్ పోర్టండి. ఇంటర్నెట్ కేబుల్ పెట్టేది."

మా ఇంట్లో నెట్ వైఫై. ఆ కన్నం ఎప్పుడూ ఖాళీయే. దాని కిందే రెండు యూఎస్‌బీలు. యూఎస్‌బీ మూతి వెడల్పు 12 మిల్లీమీటర్లు, ల్యాన్ కన్నం వెడల్పూ ఇంచుమించు అంతే. పైగా లోపలి ఎనిమిది పిన్నులూ స్ప్రింగుల్లా పట్టుకుంటాయి. చేతికి తేడా ఎలా తెలుస్తుంది? ఈ డిజైన్ చేసినవాణ్ణి మా షాప్‌ఫ్లోర్లో ఒక్క షిఫ్టు చేయించాలి. ల్యాన్ వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కాబట్టి బోర్డు కాలలేదని నేనే ఆ పిల్లలకి వివరించాను. విన్నారు గానీ, నవ్వు ఆగలేదు.

కుర్రాడు ఒంగిన రెండు పిన్నుల్ని ట్వీజర్‌తో సరిచేసి, మెషిన్‌ని కింద కన్నంలో పెట్టాడు. ఎర్రగా వెలిగింది. డబ్బు వద్దన్నాడు. అది ఇంకా అవమానం. బలవంతంగా వంద చేతిలో పెట్టాను.

అప్పుడన్నాడు: "అయినా ఇదెందుకు అంకుల్? ఫోన్‌కి మొహం చూపిస్తే సర్టిఫికెట్ వచ్చేస్తుంది కదా."

ఆ సౌకర్యం 2021 నుంచే ఉందట. మా పింఛనర్ల గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టేవాళ్లలో ఒక్కడూ చెప్పలేదు.

మీరు మెషినే వాడతానంటే మొబైల్ టార్చి వేసి, కళ్లతో చూసి పెట్టండి. వేలికి కాస్త కొబ్బరినూనె రాసి తుడవండి. నాలా స్పానర్లు పట్టి అరిగిన వేళ్లయితే బొటనవేలు పడదు. నాకు ఐదోసారి ఉంగరం వేలితో పడింది.

సర్టిఫికెట్ ప్రింట్ తీస్తుంటే కస్టమర్ కేర్ అమ్మాయే ఫోన్ చేసింది.

"మీ సమస్య తీరిందా సార్?"

"తీరిందమ్మా. మీ డ్రైవర్లోనే ఏదో తేడా ఉంది, నేనే సరిచేసుకున్నాను."